రెండో సగం చూడనివాడు

మా టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళ మాటలు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వినకుండా ఉందామంటే నెల్లిమర్ల రోడ్డు మీద టీ ఇంకెక్కడా నా నోటికి పట్టదు. వీళ్ళు రాత్రంతా ఫోన్లలో ఎక్కడో చలి దేశాల్లో జరిగే ఫుట్‌బాల్ చూస్తారు, పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి పంచాయితీ పెడతారు. ఇప్పుడు ఆడుతున్నవాళ్ళలో ఆట మానేశాక ఎవడు మంచి మేనేజర్ అవుతాడు? ఇదీ ఈ మధ్య వాళ్ళ గొడవ. ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేవాడు కాదు, జట్టు మొత్తాన్ని నడిపే కోచ్. ఆ సంగతి వాళ్ళకి తెలుసు. అయినా ఒక్కొక్క వేలూ మడిచి వాళ్ళు చెప్పే పేర్లన్నీ గోల్స్ వేసేవాళ్ళవే. వెనకాల నిలబడి ఆపేవాడి పేరు ఒక్కడూ ఎత్తడు. గోల్‌కీపర్‌నైతే అసలు మనిషి కిందే లెక్కెయ్యరు.

నేను గోల్‌కీపర్‌ని. నా కోపానికి అదీ ఒక కారణమే, కాదనను. అసలు కారణం మాత్రం మా బావ.

"మావా, నువ్వు సెప్పు. ఎవులౌతారు?" అని మొన్న ఒకడు అడిగాడు.

"గోల్ ఏసినోడికి గోల్ ఎయ్యడం వస్తాది. ఇంకోడి సేత ఏయించడం కూడా వస్తాదని ఎవులు సెప్పినార్రా మీకు?" అన్నాను.

నవ్వారు. ముసలోడికి కుళ్ళు అనుకున్నారు, నాకు వినబడేటట్టే. టీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఆ నవ్వు నాకు కొత్త కాదు. దాని కథ చెప్పాలంటే మా మిల్లు కూత దగ్గర మొదలుపెట్టాలి.

మా కుర్ర వయసులో జూట్‌మిల్లులో మూడు షిఫ్టులు. పొద్దున ఎక్కిన ఏ-షిఫ్టు సాయంత్రం ఐదుకి దిగేది. అదే ఐదుకి బీ-షిఫ్టు ఎక్కేది. సీ-షిఫ్టు రాత్రి పని. మా ఫుట్‌బాల్ జట్టులో మూడు షిఫ్టుల వాళ్ళమూ ఉన్నాం. అందరికీ కుదిరే వేళ ఏదని అడిగితే, లేదు. అందుకని మాకు ముందు ఆడినవాళ్ళు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. నాలుగు దాటాక ఆట మొదలు. ఐదుకి కాస్త ముందు మిల్లు మొదటి కూత కూస్తుంది. అది వినబడగానే మొదటి సగం అయిపోయినట్టు, రిఫరీ గడియారం ఏం చెప్పినా సరే. బీ-షిఫ్టు వాళ్ళు చొక్కాలు విప్పి గీత మీద పడేసి, లుంగీలు చుట్టుకుంటూనే మిల్లు గేటు వైపు పరిగెత్తేవారు. రెండో కూతకి ఏ-షిఫ్టు వాళ్ళం గేటు లోంచి ఇటు పరిగెత్తుకొచ్చేవాళ్ళం. జుట్టులో, కనురెప్పల్లో నార దుమ్ము. అలాగే వచ్చి ఆ తడి చొక్కాలు తొడుక్కుని రెండో సగం ఆడేవాళ్ళం. బయట ఊరి జట్లు మొదట్లో గోల పెట్టేవి. మా గ్రౌండ్‌కి వస్తే మా పద్ధతి అనేవాళ్ళం. తర్వాత అవీ అలవాటు పడ్డాయి.

నేను ఏ-షిఫ్టు. నా ముందు గోల్‌లో నిలబడ్డవాడి గ్లవ్స్ వాడి చెమటతో సహా నా చేతులకెక్కేవి. నా జీవితంలో మా గ్రౌండ్‌లో నేను ఒక్క మొదటి సగం కూడా చూడలేదు. అలాగే బీ-షిఫ్టు వాళ్ళెవరూ ఒక్క రెండో సగం కూడా చూడలేదు. మొదటి నుంచి చివరి దాకా ఆడటానికి వీలున్నది సీ-షిఫ్టు వాళ్ళకే. కానీ రాత్రి పని చేసొచ్చినవాడు పగటి నిద్ర చెడగొట్టుకుని ఎండలో పరిగెత్తుతాడా? ఒక్కడు పరిగెత్తేవాడు. మా అక్క మొగుడు, మా బావ.

బావ స్టాపర్ బ్యాక్. అంటే గోల్‌కి ముందు నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపేవాడు. ఆడినంతసేపూ అరుస్తూనే ఉండేవాడు. రెండో కూత తర్వాత ఆ కాస్త వ్యవధిలో తను తప్ప జట్టంతా మారిపోతుందా, అప్పుడు చూడాలి ఆయన్ని. చొక్కా తొడుక్కుంటున్న ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి భుజం మీద చెయ్యేసి ఒకే ఒక్క మాట చెప్పేవాడు. "నీకు ఎదరున్నోడిది ఎడం కాలు, ఆడి కుడేపు వొదిలీ." "నువ్వు పరిగెట్టకు, ఆడే అలిసిపోతాడు." నాతో అయితే, "ఒరే బామ్మర్దీ, కార్నర్ పడితే ఆ పొడుగోడు రెండో గోల్ కర్ర దగ్గరికే వస్తాడు, సూసుకో." సరిగ్గా అక్కడికే వచ్చేవాడు. నేను ఆట చూడకుండానే ఆట తెలిసినవాడిలా ఆడేవాణ్ణంటే అది నా గొప్ప కాదు. రోజూ రెండు వేరు వేరు జట్లని కుట్టి ఒక జట్టు చేసేవాడాయన. దాన్ని ఏమంటారో అప్పుడు మాకు తెలీదు. కోచ్ అనే కుర్చీయే మాకు లేదు.

ఇక మా ఊరి హీరో. ఆయన్ని పదో నంబరు అనే అంటాను, ఊరంతా అలాగే అంటారు. బీ-షిఫ్టు. ఆయన గోల్స్ అందంగా ఉండేవంటారు, ఉండేవే అయ్యుంటాయి, అబద్ధం ఎందుకు? మొదటి సగంలో రెండో మూడో వేసేవాడు. మొదటి కూత కూయగానే జనం లోపలికి దూసుకొచ్చి ఆయన్ని భుజాల మీదికెత్తుకుని మిల్లు గేటు దాకా ఊరేగించేవాళ్ళు. చూడటానికొచ్చినవాళ్ళలో సగం మంది ఆ ఊరేగింపుతోనే వెళ్ళిపోయేవాళ్ళు. వెనక్కి వచ్చేవాళ్ళు కాదు. మేము మిగిలిన జనం ముందు మిగిలిన ఆట ఆడి, ఆ గోల్స్‌ని చీకటి పడేదాకా కాపాడేవాళ్ళం. మర్నాడు టీ కొట్లో మాట ఒకటే: పదో నంబరు గెలిపించీసినాడు. మా ఇద్దరిదీ ఒకే జట్టు అని ఇప్పటికీ అందరూ అంటారు. ఒక్క నిమిషం కూడా మేము కలిసి ఆడలేదు.

అప్పుడు నాకు కోపం లేదు. కుర్రతనం, ఆడితే చాలనుకునేవాణ్ణి. ఆయనకి ఆటల కోటాలో విజయనగరంలో ఉద్యోగం వచ్చింది, మంచిదే అనుకున్నాం. బావ మిల్లులోనే ఉండిపోయాడు, మోకాళ్ళు అరిగేదాకా ఆడాడు, తర్వాత గీత బయట నిలబడి చూశాడు. నా కోపం మొదలైంది ఆడపిల్లల జట్టు పెట్టినప్పుడు.

ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు కలిసి ఒక క్రీడా సంఘం పెట్టుకున్నారు. హైస్కూలు, ఇంటర్ చదివే ఆడపిల్లలతో ఒక జట్టు చేసి నరసన్నపేటలో జరిగే టోర్నమెంట్‌కి పంపాలన్నారు. కోచ్ కావాలన్నారు. ఆ మాట విన్నరోజు బావ మా ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాడు. చివరికి, "ఒరే, ఒక్క జట్టుని ఒక్కసారి నా సేతికిస్తే బావుణ్ణురా" అన్నాడు. పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర కూడా నోరు విప్పి ఏమీ అడగని మనిషి. సంఘం దగ్గరికి పదమన్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సంఘం ప్రెసిడెంటు రైసుమిల్లు యజమాని. ఫుట్‌బాల్ ఆడిన మనిషి కాదు గానీ ఊరేగింపులో భుజం ఇచ్చినవాడు. బావని కింద నుంచి పైదాకా చూసి అడిగాడు.

"నువ్వు ఎన్ని గోల్స్ ఏసినావు?"

"నాను స్టాపర్ బ్యాక్‌ని బాబూ. ఆపడమే మా పని."

"ఆడగుంటలకి ఆపడం నువ్వు నేర్పుతావు సరే. గెలవడం ఎవులు నేర్పుతారు?"

గదిలో అందరూ నవ్వారు. టీ కొట్లో కుర్రాళ్ళ నవ్వు కొత్త కాదన్నానే, ఇదే ఆ నవ్వు. పదో నంబరుని కోచ్ చేశారు. ఆయన పేరు ఫ్లెక్సీ మీద పడితే నలుగురూ చందాలిస్తారని పైకే అన్నారు, సిగ్గు కూడా లేకుండా. బావకి నీళ్ళ డబ్బా, బంతుల సంచీ అప్పగించారు. దానికో షరతు. కోచ్ ఉండగా గీత దాటకూడదు, నోరిప్పకూడదు. ఇద్దరు చెబితే పిల్లలకి తికమకట.

"ఛీ కొట్టి వచ్చీయ్ బావా" అన్నాను బయటికొచ్చాక.

"గీత దగ్గరుంటాను కదరా. ఆట సూస్తాను. సాల్లే" అన్నాడు.

నాకు ఎక్కడో కాలింది. ఆయనకి కాలలేదు, అదే నా బాధ.

ప్రాక్టీసు చూడటానికి నేను రోజూ వెళ్ళేవాణ్ణి. పదో నంబరు నేర్పింది ఒకటే విద్య. గోల్ ముందు బంతి పెట్టి తన్నడం. ముందు తను తన్నేవాడు. ఈ వయసులోనూ బంతి వెళ్ళి మూలలో పడేది, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. తర్వాత వాళ్ళు తన్నితే పక్కకి పోయేది. "నాకెలా వస్తన్నాది? మీకెందుకు రాదు?" అని కసిరేవాడు. అది కసురు కాదు, నిజంగానే అడుగుతున్నాడని కొన్నాళ్ళకి అర్థమైంది. ఆయనకి అది ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. చిన్నప్పుడే వచ్చేసింది. ఇంకోడికి రాకపోతే ఏం చెయ్యాలో ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం పడలేదు. పైగా ఐదయ్యేసరికి ఆయనకి ఏదో ఒక ప్రారంభోత్సవం ఉండేది. షాపు రిబ్బనో, జిమ్ము రిబ్బనో. పాత అలవాటు, ఐదుకి గ్రౌండ్ వదిలెయ్యడం.

ఆ జట్టులో ఒక పిల్ల ఉంది. భావనపాడు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సముద్రం హోరులో పడవ మీదివాళ్ళని ఒడ్డు నుంచి పిలిచి పిలిచి పెరిగిన గొంతు. స్టాపర్ బ్యాక్‌గా ఆడేది. ఆడినంతసేపూ అరుపులే. "ఎనకాల! ఎనకాల సూడే!" "నువ్వు ఆగు, నాను పోతన్నాను!" వెనకాల నిలబడినవాళ్ళకి గ్రౌండ్ మొత్తం కనబడుతుంది. అది ఊరికే చూడటం లేదు, కనబడింది కనబడినట్టు పంచిపెడుతోంది. పదో నంబరు విజిల్ ఊది ఆట ఆపాడు.

"నోరు మూసుకొని ఆడలేవేటే? ఆడపిల్లవి, ఆ గావుకేకలేటి?"

పిల్ల ముఖం మాడిపోయింది. నీళ్ళ డబ్బా దగ్గర నిలబడ్డ బావ నా చెవిలో అన్నాడు: "ఈ గుంట రేపు ఒక జట్టుని నడుపుతాది, సూడు. దీన్ని నోరు మూయిస్తన్నాడు ఈడు." ఆయన పదో నంబరుని 'ఈడు' అనడం నేను వినడం అదే మొదలు.

నరసన్నపేటలో కాలేజీ గ్రౌండ్. పక్కనే హైవే మీద లారీల రొద. మొదటి సగంలో మా పిల్లలు రెండు గోల్స్ వేశారు. నిజం చెప్పాలి, రెండూ పదో నంబరు నేర్పిన తన్నులే. ఆయన గీత దగ్గర గంతులేశాడు. విరామంలో మైకులో ఆయన పేరు పిలిచారు, స్టేజీ మీద సన్మానం. ఆయన వెళ్ళాడు. వెనకే ప్రెసిడెంటు. అంటే పిల్లలు నీళ్ళు తాగుతూ కోచ్ చెప్పే మాట కోసం చూస్తుంటే కోచ్ శాలువా కప్పించుకుంటున్నాడు. రెండో సగం మొదలైంది. స్టేజీ మీద ఉపన్యాసం కూడా మొదలైంది.

అవతలి జట్టు కోచ్ ఎవరో గాని కళ్ళున్న మనిషి. మా ఎడమవైపు ఆడే పిల్ల కుంటుతోందని కనిపెట్టి, తన జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్లని తెచ్చి సరిగ్గా ఆమె ఎదర పెట్టాడు. ఒక గోల్ పడింది. భావనపాడు పిల్ల గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మావా, దానికి కాలు పట్టీసినాది. మార్సండి మావా!"

మార్చాల్సింది కోచ్. బావ స్టేజీ వైపు చూశాడు. నేను జనాన్ని తోసుకుంటూ స్టేజీ దగ్గరికెళ్ళాను. బ్యాడ్జీ పెట్టుకున్నవాడొకడు నన్ను ఆపాడు. "సన్మానం అయ్యేదాకా ఆగండి" అన్నాడు. మైకులో పదో నంబరు తన పాత గోల్ ఒకటి వర్ణిస్తున్నాడు, ఎటు తిరిగాడో, ఎవరిని తప్పించాడో. నా వెనక గ్రౌండ్‌లో కేకలు. రెండో గోల్. నేను కింద నుంచి చేతులూపాను, అరిచాను, ఆయన నన్ను చూసి అభిమాని అనుకున్నాడో ఏమో చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. దేవుడి దయ వల్ల మధ్యలో బ్యాడ్జీవాడు ఉన్నాడు. మూడో గోల్ పడ్డప్పుడు కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నారు స్టేజీ మీద.

ఆఖరి విజిల్‌కి కాస్త ముందు శాలువాతో, దండతో కిందికి దిగి గీత దగ్గరికొచ్చాడు. బావని అడిగాడు.

"స్కోరెంత?"

"మూడు, రెండు."

"మనకి మూడా?"

బావ బంతుల సంచీ ముడి విప్పి మళ్ళీ కట్టాడు. నేను చెప్పాను, నోటికొచ్చిన మాట కూడా కలిపి. ఆ మాట ఇక్కడ రాయను.

తిరుగు ప్రయాణం వ్యాన్‌లో. ముందు సీట్లో పదో నంబరు, శాలువా ఇంకా తియ్యలేదు. ప్రెసిడెంటు వెనక్కి తిరిగి, "మొదటి సగం అదరగొట్టీసినారు. రెండో సగంలో గుంటలు అలిసిపోనారు, అంతే" అన్నాడు. పదో నంబరు తల ఊపాడు. చూడని ఆట గురించి తల ఊపాడు. వెనక సీట్లో నా పక్కన బావ, అటు పక్కన భావనపాడు పిల్ల. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి. ఉన్న గొంతుతోనే అడిగింది.

"మావా, నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరెందుకు సెప్పనేదు?"

"నోరిప్పొద్దన్నారమ్మా."

"ఆలు వద్దంటే వొదిలీడమేనా? ఓడిపోనాది మేము కదా మావా."

బావ కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇన్నాళ్ళూ ఆయన మంచితనాన్ని తలుచుకుని ఊళ్ళోవాళ్ళ మీద పళ్ళు నూరుకున్నవాణ్ణి, ఆ క్షణంలో నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ పిల్ల అన్నదే నిజం. ఆయన ఓర్పుకి నష్టపోయింది ఆయన కాదు.

తర్వాతి ఆదివారం ప్రాక్టీసుకి వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు, నీళ్ళ డబ్బాతోనే. పదో నంబరు ఎప్పటిలాగే గోల్ ముందు బంతి పెట్టి తన్నించాడు. ఐదయ్యేసరికి కారొచ్చింది, రిబ్బను ఎక్కడో మరి. కారు మలుపు తిరిగింది. బావ డబ్బాని గీత మీద దింపాడు. చేతులు లుంగీకి తుడుచుకుని లోపలికి నడిచాడు. పిల్లల్ని రెండు జట్లు చేసి ఆట పెట్టాడు. నేను గోల్‌లో నిలబడదామని లేచాను. "నువ్వు కూకోరా" అన్నాడు. భావనపాడు పిల్ల దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఆ చెయ్యి.

"నువ్వు అరువమ్మా. ఎంత గట్టిగా అరుస్తావో అరువు. నాకు ఆ చివరి దాకా ఇనబడాల."

అది అరిచింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. బావ మాత్రం నోరు మెదపలేదు. అరవాల్సిన ప్రతిచోటా ఆయనకంటే ముందే అది అరుస్తోంది. మా బావ గ్రౌండ్ లోపల నిశ్శబ్దంగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి, ముఖంలో అంత వెలుగు చూడటం కూడా.

సగం ఆట అయి పిల్లలు నీళ్ళు తాగుతుండగా నాకు ఫోనొచ్చింది. ప్రెసిడెంటు. ఎవరో అప్పుడే కబురు మోసేశారు.

"మీ బావ గీత దాటినాడంటగా?"

"దాటినాడు."

"ఎవులు దాటమన్నారు? కోచ్ ఉండగా..."

"కోచ్ ఎక్కడున్నాడండీ?" అన్నాను. "ఐదు దాటినాక ఆయన ఈ గ్రౌండ్‌లో ఎప్పుడైనా ఉన్నాడా? మీరు సూసినారా? మీరూ ఆయన్ని మోసుకుని గేటు దాకా ఎల్లిపోనోళ్ళే కదా?"

ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. రేపటి నుంచి మీ బావ రానక్కర్లేదు. నువ్వూ రానక్కర్లేదు. ఆ అరిచే గుంట కూడా జట్టులో ఉండదు. ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. గ్రౌండ్‌లో బావ ఒక్కొక్క పిల్ల దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్క మాట చెబుతున్నాడు. కుంటే పిల్లని కూర్చోబెట్టి ఇంకో పిల్లని ఆ చోటికి పంపాడు. నా వైపు తిరిగి, ఎవరు ఫోను అన్నట్టు తల ఎగరేశాడు. ఎవరూ కాదని చెయ్యి ఊపాను. రెండో సగం ఇంకా ఆడాలి. అయిపోయాక చెబుదాంలే అనుకున్నాను.